చూపంతా పుంజు మీదే: అరుదైన నాటుకోడి జాతుల గుర్తింపు, పెంపకం

పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో, ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో సర్ వాల్టర్ గిల్బర్ట్ అనే సైనికాధికారి మన దేశపు అసీల్ కోళ్లను అక్కడి పందెం కోళ్లతో జతకట్టించాడు. ఆయన కోరుకున్నది ఇంకా గట్టిగా కొట్లాడే పుంజు. పుట్టింది మాత్రం రొమ్ము నిండా కండపట్టి, బరికి పనికిరాని బరువుకోడి. దాన్ని ఇంగ్లిషువాళ్లు ఇండియన్ గేమ్ అన్నారు, అమెరికావాళ్లు కార్నిష్ అన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో తెల్ల కార్నిష్ పుంజుల్ని తెల్ల ప్లిమత్ రాక్ పెట్టలతో కలిపి మాంసపు కోడిని తయారుచేశారు. ఇవాళ ప్రతి ఊళ్లో చికెన్ కొట్టు ముందు కనిపించే బ్రాయిలర్‌కు మూలం అదే. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటే ఆ కోడి రొమ్ముకండలో అసీల్ వాటా కొంత ఉంది.

ప్రపంచానికంతటికీ మాంసం పెట్టిన జాతికి సొంత గడ్డ మీద స్వచ్ఛమైన మందలు వెతికితే గానీ దొరకడం లేదు.

లెక్కలు పైపైన చూస్తే ఈ మాట నమ్మబుద్ధి కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్లు, బాతులు వగైరా 85 కోట్లకు పైగా ఉన్నాయి. అందులో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. అంతకుముందు 2012 గణనతో పోలిస్తే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. కానీ పెరట్లో తిరిగేదంతా పాత జాతి కోడి అనుకుంటే పొరపాటే. వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగైన రకాలు, వాటికీ ఊరి కోళ్లకూ పుట్టిన సంకరాలు, దేనికీ చెందని కలగలుపు కోళ్లు, అన్నీ ఆ 31.7 కోట్లలో ఉన్నాయి. సంఖ్య పెరుగుతూ ఉండగానే జాతి కరిగిపోవచ్చు. అరుదైన కోళ్ల విషయంలో మొదటి చిక్కు ఇదే: అంతరించడం కళ్లకు కనిపించదు.

ఏది పాత జాతి? అమెరికాలో 1977లో మొదలైన లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ సంస్థ దీనికి సూటి కొలతలు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం నడుమకు ముందే గుర్తింపు పొందిన జాతి కావాలి, సహజంగా జతకట్టాలి, ఆరుబయట ఏళ్ల తరబడి బతికి గుడ్లు పెట్టాలి, అమ్మకం బరువుకు రావడానికి కనీసం 16 వారాలు పట్టాలి. అరుదుతనానికీ మెట్లు ఉన్నాయి. అమెరికాలో పిల్లలు తీసే కోళ్లు 500 లోపు, పెద్ద మందలు ఐదుకు మించకుండా ఉంటే ఆ జాతి అత్యంత ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. మన దగ్గర ఆ పని హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరోది. జాతి పుట్టిన ప్రాంతం, ఒళ్లు తీరు, సంఖ్య నమోదుచేసి ఒక్కో జాతికి ఒక్కో నంబరు ఇస్తుంది. ఆ పట్టికలో తెలుగు నేలకు నాలుగు జాతులతో బంధం ఉంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశాలతో కలిసి ఆంధ్రప్రదేశ్ పంచుకునే అసీల్. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు డంకి. చిత్తూరు వైపు కాళహస్తి. కర్ణాటక కోలారు సరిహద్దుల్లో ఘాగస్. ఈ నాలుగింటిలో అసీల్ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. తక్కిన మూడింటి పేర్లు వాటి సొంత జిల్లాల్లోనే చాలామంది విని ఉండరు. ఆదరణ ఎటు పోతోందో చెప్పడానికి ఆ ఒక్క తేడా చాలు.

ఇక గుర్తుపట్టడం. తెలుగు పల్లెల్లో కోడిని చూడగానే ముందు చెప్పేది రంగు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, మైల, కౌజు, పింగళ, అబ్రాసు, గేరువా. కుక్కుట శాస్త్రం పేరుతో సంక్రాంతి ముందు చేతులు మారే పుస్తకాల్లో ఏ వారం, ఏ జాములో ఏ రంగు గెలుస్తుందో కూడా ఉంటుంది. ఈ పదజాలం గొప్ప సంపద. ఈకల మీద ఇంత సన్నని చూపు ఉన్న భాషలు ఎన్నో ఉండవు. అయితే ఇవి రంగుల పేర్లు. డేగ రంగు అసీల్‌లోనూ ఉంటుంది, దారిన పోయే కలగలుపు కోడిలోనూ ఉంటుంది. రంగు చూసి జాతి చెప్పడం చొక్కా చూసి ఇంటిపేరు చెప్పడం లాంటిదే.

జాతి ఒళ్లు తీరులో ఉంటుంది. అసీల్‌ని దగ్గరగా చూస్తే ముందు నిలుపు కనిపిస్తుంది: మెడ నిటారుగా, భుజాలు ఎత్తుగా, వీపు తోక వైపు వాలుతూ ఉంటుంది. ఈకలు పొట్టిగా, గట్టిగా ఒంటికి అతుక్కుని ఉంటాయి. రొమ్ము ఎముక మీద చాలాచోట్ల ఎర్రటి తోలు బయటపడుతుంది. ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. గొంతు కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. తలమీద జుట్టు నిలువుగా లేవకుండా మూడు వరుసల చిన్న గడ్డలుగా నెత్తికి అణిగి ఉంటుంది. పీ కోంబ్ అనే ఈ జుట్టు దగ్గరే అసలు పరీక్ష మొదలవుతుంది.

కోడి జుట్టు తీరు ఎలా దిగివస్తుందో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండ్‌లో విలియం బేట్‌సన్ తేల్చాడు. అణిగిన జుట్టు గుణం బలమైనది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, పిల్లకు అదే వస్తుంది. అంచున పళ్లు తీరిన ఒంటిరేకు జుట్టు గుణం లోపల దాక్కుని ఉంటుంది. అంచేత నిలువు జుట్టున్న పెట్టతో జాతి పుంజు కలిసి పుట్టిన పిల్ల కూడా చూపుకు అసీల్‌లాగే ఉండవచ్చు. జుట్టు కాస్త పెద్దదిగా ఉంటే అనుభవం ఉన్న కన్ను అనుమానిస్తుంది, అంతే. మందలో నూటికి ఒక్క పిల్ల నిలువు జుట్టుతో పుట్టిందనుకుందాం. ఆ ఒక్కదాన్ని తీసేస్తే మంద శుద్ధి అయినట్టేనని పెంపకందారు అనుకుంటాడు. కోళ్లు ఎంపిక లేకుండా జతకట్టే మందలో ఆ ఒక్క పిల్ల చెప్పే లెక్క వేరు: దాదాపు 18 శాతం కోళ్లు ఆ గుణాన్ని లోపల మోస్తున్నాయి. ఏ పుంజు మోస్తోందో తెలియాలంటే దాన్ని నిలువు జుట్టు పెట్టలకు కట్టి పిల్లలు తీయాలి. లోపల వేరే గుణం దాచుకున్న పుంజుకు పది పిల్లలూ అణిగిన జుట్టుతోనే పుట్టే అవకాశం వెయ్యిలో ఒకటి మాత్రమే. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. ఒక గంప, నాలుగు పెట్టలు, 21 రోజుల ఓపిక, రాసిపెట్టుకునే అలవాటు చాలు.

దాక్కున్న గుణాలు చెరుపే చేయాలని లేదు. అమెరికాలోని ఇల్లినాయ్‌లో గార్ఫీల్డ్ ఫామ్ మ్యూజియం నల్ల జావా కోళ్లను కాపాడుతోంది. ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో ఆ మంద గుడ్ల నుంచి ఉన్నట్టుండి ఎర్రగోధుమ రంగు పిల్లలు వచ్చాయి. ఎప్పుడో పోయిందనుకున్న రంగు నల్ల ఈకల చాటున తరాల తరబడి బతికే ఉంది.

కడక్‌నాథ్ కథ మరో రకం. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా భిల్లుల కోడి ఇది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ధర చుక్కలనంటింది, తెలుగు రాష్ట్రాల్లోనూ ఫారాలు వెలిశాయి. తోలు, మాంసం, ఎముకల మీది పొర కూడా నల్లగా ఉండడానికి కారణం ఫైబ్రోమెలనోసిస్ అనే జన్యు మార్పు. నల్లరంగు కణాలు ఒళ్లంతా పాకేలా చేసేది అదే. నెత్తురు మాత్రం ఎర్రగానే ఉంటుంది, గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది. నల్లగుడ్డు బొమ్మలు చూపించి అమ్మేవారిని నమ్మకూడదు. అంతకంటే సూక్ష్మమైన మోసం ఇంకొకటి ఉంది. ఒక కడక్‌నాథ్ పుంజును తెల్లకాళ్ల లేదా పచ్చకాళ్ల మామూలు పెట్టలకు కడితే, పుట్టిన ఆడపిల్లలు నల్లగా వస్తాయి, మగపిల్లలు చాలావరకు తేటగా వస్తాయి. తోలులో నల్లరంగును అడ్డుకునే గుణం తల్లి నుంచి కొడుకులకే దిగుతుంది, కూతుళ్లకు దిగదు. బేట్‌సన్, పన్నెట్‌లు 1911లోనే సిల్కీ కోళ్లలో ఈ సంగతి చూపించారు. కాబట్టి నల్లపెట్టలు మాత్రమే అమ్మి, వాటి అన్నదమ్ముల్ని చూపించని చోట కొనేవాడు ఆగి అడగాలి. తోబుట్టువులన్నీ కనిపిస్తే జాతి గుట్టు సగం బయటపడుతుంది.

డీఎన్ఏ పరీక్ష ఉంది కదా అనవచ్చు. మందకూ మందకూ మధ్య దూరం ఎంతో, లోపల బంధుత్వం ఎంత చిక్కబడిందో అది బాగా చెబుతుంది. ఒక్క కోడిని తెచ్చి ఇది స్వచ్ఛమైనదా అని అడిగితే, పోల్చడానికి ముందే నమోదైన మందలు ఉండాలి. పైగా స్వచ్ఛత అనేదాన్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. కోళ్లన్నీ ఎర్ర అడవికోడి సంతానమని డార్విన్ చెప్పినది మొత్తం మీద నిజమే. కానీ పచ్చకాళ్లకు కారణమైన జన్యువు దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. పాత జాతులు కూడా ఒకప్పటి కలయికలే. తరాల తరబడి ఒక ప్రాంతంలో, ఒక వాడుకకు నిలదొక్కుకున్న కలయికను జాతి అంటున్నాం. కాపాడాల్సింది ఆ నిలకడను.

పెంపకం దగ్గరికి వస్తే, తెలుగునాట ఒక అలవాటు పాతుకుపోయింది: చూపంతా పుంజు మీదే. బరిలో గెలిచిన పుంజుకు పేరు, ధర, కథ ఉంటాయి. దాని పిల్లల కోసం పెట్టలు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తారు. తల్లి ఎవరిదో, ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎన్ని పిల్లల్ని బతికించిందో రాసేవాళ్లు అరుదు. జాతికి దీనివల్ల జరిగే నష్టాన్ని అంకెల్లోనే చూడవచ్చు. పశు జన్యుశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది: పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, నాలుగు రెట్లు చేసి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగిస్తే ఆ మంద అసలు బలం తెలుస్తుంది. ఒక పుంజు, 8 పెట్టలు ఉంటే ఆ బలం 3.6. రక్తసంబంధం తరానికి 14 శాతం చొప్పున చిక్కబడుతుంది. పెట్టలు నూరు చేసినా పుంజు ఒక్కటే అయితే బలం 4 దాటదు. అదే 10 పుంజులు, 30 పెట్టలు పెడితే బలం 30కి చేరుతుంది, చిక్కదనం తరానికి 1.7 శాతానికి దిగుతుంది. ఈ బలం కనీసం 50 ఉండాలన్నది ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ సూచన. గుడ్లు పిల్లలు కాకపోవడం, పిల్లలు కారణం తెలియకుండా పోవడం, పుంజుల్లో సత్తువ తగ్గడం దగ్గరి సంబంధాల ఫలితాలే. చాలామంది దిష్టి అని, గాలి అని సరిపెట్టుకునే నష్టాల్లో కొన్ని ఇవే.

అసీల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. పది పుంజుల్ని ఒక దొడ్లో వదలడం కుదరదు, చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఒక్కోదాన్ని కాలికి తాడు కట్టి ఎడంగా ఉంచాలి, లేదా గంప కింద వేరుగా పెట్టాలి. గోదావరి జిల్లాల్లో పందెం పుంజుల మేపు చూసినవారికి ఆ ఖర్చు తెలుసు: గంట్లు, చోళ్లు మొదలుకొని బాదం, జీడిపప్పు, కీమా దాకా. పందెం ఆడని పుంజుకు ఇంత పెట్టే రైతు ఎక్కడుంటాడు? ఒక జాతికి ఎక్కువ పుంజులు కావాలన్న శాస్త్రానికీ, ఒక్క మంచి పుంజు చాలన్న దొడ్డి ఆర్థికానికీ మధ్య అసలు పేచీ ఇదే.

పేచీ తీర్చే పద్ధతులు ఉన్నాయి. మందను మూడు కుదుళ్లుగా విడదీసి, ఒక్కో కుదురుకు రెండు మూడు పుంజులు ఇస్తారు. ఆడపిల్లలు తల్లి కుదురులోనే ఉంటాయి. మగపిల్లలు మాత్రం ఏటా పక్క కుదురుకు వెళతాయి. మూడు ఇళ్లు ఒప్పుకుంటే చాలు, ఒక్కరి మీద భారం పడదు. పిల్ల ఒళ్లు ఆరగానే కాలివేళ్ల మధ్య పొరకు సన్నని చిల్లు పెడితే అది జీవితాంతం గుర్తు. రెండు కాళ్లకు కలిపి అలాంటి పొరలు నాలుగు. చిల్లు ఉన్నదీ లేనిదీ కలిపి 16 గుర్తులు వస్తాయి, అంటే 16 కుటుంబాల్ని కాగితం లేకుండా కాలి మీదే రాయవచ్చు. పుంజును మార్చినప్పుడు మాత్రం తొందర పనికిరాదు. పెట్ట కడుపులో పాత పుంజు బీజం రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. మూడు వారాలు దాటాక పెట్టిన గుడ్ల నుంచి వచ్చినవాటినే కొత్త పుంజు పిల్లలుగా రాసుకోవాలి. చేసే పనిలో కష్టం లేదు, చేయకపోతే వంశావళి మొత్తం అబద్ధమైపోతుంది.

అసీల్ జాతిని ఇంతకాలం ఎవరు నిలబెట్టారన్నదానికి రెండు జవాబులు ఉన్నాయి, రెండూ నిజమే. పల్నాటి కథ కాలం నుంచి పందెం అసీల్‌కు గిరాకీ నిలిపింది. ఆ గిరాకీ క్రూరత్వంతో నడిచేది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరంగా చూస్తుంది, 1974 నాటి గేమింగ్ చట్టం దాని మీద జూదాన్ని. చట్టం సంగతి అలా ఉంచినా, కాలికి కత్తి కట్టే పందెం జాతికి మంచి చేయడం మానేసింది. కత్తి ఉన్నచోట గెలుపు క్షణాల్లో తేలుతుంది, ఒళ్లు గట్టిదనం కన్నా వేగానికే విలువ. అందుకే పెరూ నుంచి తెచ్చిన పుంజులతో సంకరాలు గోదావరి బరుల్లోకి వచ్చాయి. మరో పక్క అందాల పోటీలకు పెంచే చిలకముక్కు పుంజుల్లో ముక్కు వంపు, తోక పొడవు మీదే ఎంపిక సాగుతోంది. జాతిని ప్రేమించే చేతులే దాన్ని ఒక మూలకు లాగుతున్నాయి.

రెండో జవాబు తూర్పు కనుమల ఏజెన్సీ ఊళ్లలో ఉంది. అక్కడ అసీల్ ఆడవాళ్ల కోడి. ఆంత్ర అనే సంస్థ తూర్పు గోదావరి మన్యంలో గిరిజన సంఘాలతో కలిసి చేసిన పనిలో వాటా అనే పాత పద్ధతి బయటకొచ్చింది. పెట్ట ఉన్న ఇల్లు లేని ఇంటికి పెట్టను ఇస్తుంది, పిల్లలు ఎదిగాక ఇద్దరూ పంచుకుంటారు. కొక్కెర తెగులు వచ్చి ఒక ఇంటి కోళ్లన్నీ పోతే, వాటాకు ఇచ్చిన ఇంటి నుంచి అదే వంశం తిరిగి వస్తుంది. జన్యు బ్యాంకు చేసే పనిని ఆ ఆడవాళ్లు ఖర్చు లేకుండా చేస్తున్నారు. ఏడాదికి ముప్పై నలభై గుడ్లే పెట్టినా అసీల్ పెట్ట వాటిని తానే పొదుగుతుంది, గద్ద వస్తే ఎదురు తిరుగుతుంది, పిల్లల్ని దగ్గరుండి మేపుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ తెచ్చిన వనరాజా ఏడాదికి నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. పొదుగుడు మాత్రం దానికి అలవాటు లేదు, మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి. రెండూ ఒకే ఊళ్లో, కాపలా లేకుండా తిరిగితే కొన్నేళ్లకు రెండూ మిగలవు. వనరాజా మగ లైను కూడా కార్నిష్ మూలం నుంచి వచ్చిందే కాబట్టి, దేశం దాటిన రక్తమే తిరిగొచ్చి పాత మందలో కలుస్తున్నట్టు.

అదే డైరెక్టరేట్ ఇంకో దారీ చూపింది. అసీల్ మీదే తరాల తరబడి ఎంపిక చేసి వనశ్రీ అనే మెరుగైన రకాన్ని తయారుచేసింది, అసీల్, ఘాగస్ మందల్ని విడిగా నిలుపుతోంది. బయటి రక్తం కలపకుండా లోపలి నుంచే జాతిని బాగుచేయవచ్చని అమెరికాలోని బకై కోడి కూడా రుజువు చేసింది. 1896 ప్రాంతంలో ఒహాయోలో నెట్టీ మెట్‌కాఫ్ అనే మహిళ తయారుచేసిన జాతి అది. ఈ శతాబ్దం మొదట్లో అంతరించే దశకు చేరితే, 2005 నుంచి లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ దాని పిల్లల్ని 16 వారాలకు తూచి, పెట్ట వెనక ఎముకల మధ్య ఎన్ని వేళ్లు పడతాయో కొలిచి, బాగున్నవాటినే పిల్లలకు ఉంచింది. బరువు పెరిగింది, పెంపకందారులు పెరిగారు, ప్రమాద పట్టికలో జాతి మెట్లు దిగింది. అందం చూసి ఎంచే పోటీలకన్నా తూనిక రాయి, పొదిగిన పిల్లల లెక్క జాతికి ఎక్కువ మేలు చేశాయన్నది అక్కడి అనుభవం.

గడ్డకట్టించి దాచుకోవడం కోళ్లలో సగమే సాధ్యం. పచ్చసొన ఉన్న గుడ్డును ఆవు పిండంలా శీతలీకరించలేరు. పుంజు వీర్యాన్ని దాచవచ్చు, కానీ కరిగించాక ఫలదీకరణ తగ్గుతుంది, పైగా ఆడదనాన్ని నిర్ణయించే క్రోమోజోమ్ అందులో ఉండదు. స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ పిండంలోని బీజకణాల్ని తీసి దాచి, సొంత బీజం లేని వేరే కోడి చేత ఆ జాతి గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించింది. డంకి, కాళహస్తి లాంటి చిన్న జాతులకు ఇది కావాలి. అది అందేదాకా దొడ్డిలో తిరిగే మందే వాటి బ్యాంకు.

ఆ మందకు డబ్బు ఎక్కడిది? జాతీయ పశుధన మిషన్ 2021 నుంచి పెరటి కోళ్ల మాతృ ఫారాలకు 50 శాతం పెట్టుబడి రాయితీ ఇస్తోంది, గరిష్ఠంగా 25 లక్షలు. షరతు ఏమంటే కనీసం వెయ్యి మాతృకోళ్లు, హేచరీ ఉండాలి. వెయ్యి కోళ్ల దొడ్డికి సరిపోయేది మెరుగైన రకాలే. విజయనగరం పల్లెలో 30 డంకి పెట్టలు, 10 పుంజులు పెంచే ఇల్లు ఆ దరఖాస్తులో పట్టదు. అలాంటి ఇళ్లు ఒక జిల్లాలో పది కలిసి, మూడు కుదుళ్లుగా పుంజుల్ని మార్చుకుంటూ, కొక్కెర తెగులు టీకా వేళకు వేయించుకుంటూ, కాలి గుర్తుల రిజిస్టరు ఒకటి నడిపితే నాలుగు వందల కోళ్ల నమోదు మంద తయారవుతుంది. దానికి కావలసినవి షెడ్డు, యంత్రాలు కావు. అమ్మకుండా నిలిపిన ఒక్కో పుంజుకు ఏటా మేపు ఖర్చు, పశువైద్యశాల నుంచి చల్లగా అందే టీకా, రిజిస్టరు చూసి సంతకం పెట్టే ఒక పశువైద్యుడు.